గంగ మూల కావలి

ఆ యేడు వానకాలంలో గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని వస్తూ లింగక్క తడి గట్టు మీద జారి, కుడి భుజం మీద పడింది. ఎముక విరగలేదు. నొప్పులకు పట్టువేసే ముసలమ్మ ఆముదం రాసి, వేడి ఇటుకతో కాపడం పెట్టి, చింతాకు కట్టు కట్టింది. దసరా నాటికి నొప్పి పోయింది గానీ చెయ్యి చెవి దాటి లేవడం మానేసింది. ముద్ద నోట్లో పెట్టుకోవడానికి లేస్తుంది, చీపురు పట్టడానికి లేస్తుంది. తల మీదికి తిప్పబోతే మాత్రం భుజంలో ఎవరో గడియ పెట్టినట్టు ఆగిపోతుంది.

ఇంకెవరికైనా ఆ మాత్రం చెయ్యి చాలు. లింగక్క బతుకు మాత్రం చెయ్యి తల మీద తిరగడం మీదే నడిచింది.

అంకిసలో గోదావరిని అందరూ గంగ అనే అంటారు. వరద తీశాక ఒడ్డున మిగిలే ఒండ్రు నేలలో జొన్న వేస్తారు. కంకి పాలు పోసుకునే రోజుల్లో అవతలి ఒడ్డు నుంచి చిలకలు గుంపులుగా వచ్చి వాలతాయి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా మంచె మీద నిలబడి వడిసెలతో వాటిని తోలాలి. జనుపనారతో పేనిన తాడు, నడుమ రాయి పెట్టడానికి అల్లిన చిక్కం, అంతే వడిసెల అంటే. తాడు ఒక కొసను వేలికి తగిలించుకొని, రెండో కొసను పిడికిట్లో పట్టి, తల మీద గిరగిరా తిప్పి ఆ పట్టిన కొస వదిలితే రాయి తుపాకి గుండులా పోతుంది.

సిరొంచ బజారులో బట్టల దుకాణం ఉన్న ఖాజా మియాకు తాతల నాటి నుంచి అంకిస ఒడ్డున పెద్ద చేను ఉంది. అందులో గంగ వైపు మూల చిలకలు ముందుగా వాలే చోటు. అందుకే ఆ మూల కాచిన మనిషికి కోతలప్పుడు అందరికంటే ఎక్కువ జొన్న కట్టలు ఇస్తారు. మళ్లీ వానలు పడేదాకా లింగక్క ఇంట్లో పొయ్యి మీద ఉడికేది ఆ జొన్నే. కొడుకు జంగు అల్లపల్లి అడవిలో టేకు దుంగలు లాగే పనిలో ఉన్నాడు. అతని సంపాదన అతని తిండికి పోగా ఇంటికి ఉప్పు, కిరసనాయిలుకు వస్తుంది.

ఆ మూల ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరు. కంకులు పాలు పట్టగానే ఒక పొద్దుట కావలి అడిగే ఆడవాళ్లంతా తమ వంటింటి కుండ ఒక్కొక్కటి తెచ్చి చేనులో ఇస్తారు. దాన్ని చేను అవతలి తుమ్మచెట్టుకు వేలాడదీస్తారు. ఎవరి కుండ వాళ్లే గట్టు మీద నిలబడి మూడు రాళ్లతో పగలగొట్టుకోవాలి. నిరుడు గంగ మూల కాచిన ఇంటివాళ్లు అందరికంటే చివర విసరాలి. వాళ్ల కుండ పగిలితే మూల వాళ్లదే. పగలకపోతే, పగలగొట్టిన మిగతావాళ్లలో ఒకరికి పోతుంది. పగలని కుండను నెత్తిన పెట్టుకొని ఊరి నడుమ నుంచి ఇంటికి పోవాలి. దానికంటే నవ్వులపాటు ఆ ఊళ్లో ఆడదానికి ఇంకోటి లేదు.

లింగక్క ఏనాడూ కుండ వెనక్కి తెచ్చుకోలేదు. రెండో రాయి విసరాల్సిన అవసరం కూడా ఆమెకు ఎప్పుడో గానీ రాలేదు.

సంక్రాంతి పోయిన తర్వాత ఒకనాడు కొండముచ్చు ఒకటి చిక్కుడు పందిరెక్కి కాయలు తెంపుతున్నది. లింగక్క కట్టెతో అదిలించింది, అది పళ్లికిలించింది తప్ప కదల్లేదు. కోడలు చిన్నక్క రొట్టెలు చేస్తున్నదల్లా లేచి, పిండి చేతులతోనే గోడకు వేలాడుతున్న అత్త వడిసెల అందుకొని, వాకిట్లోంచి ఒక రాయి తీసి విసిరింది. టప్ మని పందిరి గుంజకు తగిలింది. కోతి ఎగిరి గోడ దూకి పోయింది.

"తప్పింది గదనే," అంది లింగక్క.

"తప్పలేదత్తమ్మా. హనుమంతుని కొట్టుడెందుకని అది చెయ్యి పెట్టిన గుంజను కొట్టిన."

లింగక్క పందిరి దగ్గరికి పోయి చూసింది. గుంజ మీద కోతి చెయ్యి పెట్టిన చోటికి బెత్తెడు కింద బెరడు లేచి ఉంది. చిన్నక్క అప్పటికే మళ్లీ పొయ్యి ముందు కూర్చుని రొట్టె తిరగేస్తున్నది. ఆ పిల్ల అహేరి దిక్కు నుంచి కోడలై వచ్చి రెండేళ్లయింది. అడిగితే తప్ప మాట్లాడదు, చెప్పిన పని కాదనదు. పుట్టింట్లో జొన్నచేను కాసేదని లింగక్కకు తెలుసు గానీ ఇంత చెయ్యి ఉందని తెలియదు.

గుండె మీది రాయి దించినట్టయింది లింగక్కకు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కోడలు విసిరిన తీరు కళ్ల ముందు మళ్లీ మళ్లీ తిరగసాగింది. రెండు కాళ్లూ దగ్గరగా పెట్టింది. నడుము తిప్పలేదు. మోచెయ్యి చూస్తే తడిసిన కోడి రెక్కలా పక్కకు పోయింది. కొండముచ్చుకు తగలడం వేరు, ఊరంతా చూస్తుంటే చేనవతలి కుండకు తగలడం వేరు అనుకుంది. ఇంత తప్పు విసురుకే ఇట్లా తగిలితే, నేర్పితే ఇంకెట్లా తగులుతుందో అని కూడా అనుకుంది.

నాలుగు రోజులకు ఖాజా మియా సిరొంచ నుంచి సైకిల్ మీద వచ్చాడు. చేనంతా తిరిగి, ఒక కంకి నలిపి చూసి, లింగక్క ఇంటి ముందర ఆగాడు.

"లింగక్కా, పాలు పట్టినయ్. వచ్చే బేస్తారం కుండలు కడదాం. జిల్లా బొంబాయి రాజ్యంల కలిసిందంటాండ్రు, చిలకలకు ఆ ముచ్చట తెల్వనట్టున్నది. నిరుటికంటె జాస్తి ఉన్నయ్."

"కట్టుండ్రి సాబ్."

"నీ చెయ్యి ఎట్లున్నది?"

"ముద్ద మింగే దాక లేస్తాంది."

ఖాజా మియా నవ్వలేదు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "పక్క మంచె సోనుబాయి గంగ మూల అడిగింది. నేనేం మాటియ్యలే. కానీ జర సమజ్ జేస్కో, చిలకలు నీ మొకం జూసి ఆగయి."

"నా ఇంటి నుంచి కోడలు ఇసురుతది."

"ఇసురుతదా? అయితె మంచిదే." సైకిల్ ఎక్కుతూ వెనక్కి తిరిగి అన్నాడు. "బాగ నేర్పు మరి. ఈ ఊళ్లె నీ అసొంటి ఉస్తాద్ ఎవరున్నరు?"

ఆ ఒక్క మాట లింగక్క తలలో కూర్చుంది.

మరునాటి నుంచి గంగ ఇసుకలో నేర్పడం మొదలైంది. ఒక కర్ర పాతి, దాని మీద పాత చట్టి బోర్లించి, లింగక్క కోడలి పక్కన నిలబడింది. మొదటి రాయికే చట్టి దొర్లి పడింది.

"తగిలింది గని, గిట్ల కాదు," అంది లింగక్క. "మోచెయ్యి దగ్గరికి తీస్కో. గంత దూరం పోతే రాయి మీద బలం ఏడుంటది?"

చిన్నక్క మోచెయ్యి దగ్గరికి తీసుకుంది. రాయి చట్టి పక్క నుంచి పోయింది.

"ఎడమ కాలు ముంగటికెయ్. ఆ. ఇప్పుడు ఇసురు."

రాయి ముందే ఇసుకలో పడింది.

"మణికట్టు తిప్పుతానవే. తిప్పకు. భుజం నుంచి రావాలె. చిటికెన ఏలు బిగవట్టు. నడుము గూడ సూస్కో."

చిన్నక్క అన్నీ చూసుకుంది. కాలు చూసుకుంది, నడుము చూసుకుంది, మోచేతి వైపు ఓరగా చూసుకుంది. అవన్నీ సరిగ్గా పెట్టుకునే సరికి తాడు తిరుగుతున్న ఊపు చచ్చిపోయేది. రాయి కొన్నిసార్లు నీళ్లలో పడేది, కొన్నిసార్లు వెనక్కి పోయేది. ఒకసారి వదలాల్సిన కొస వదలడమే మరిచిపోతే తాడు వచ్చి మెడకు చుట్టుకుంది.

రోజు రోజుకూ విసురులో వంక పెరిగింది. వంక పెరిగిన కొద్దీ లింగక్క మాటలు పెరిగాయి. నిన్న మోచెయ్యి బాగుంది గానీ భుజం వంగింది అనేది. భుజం సరిపోయింది గానీ మెడ బిగిసింది అనేది. పొద్దున చెప్పినవి సాయంత్రానికి చాలక కొత్తవి కలిపేది. కోడలు ఎదురు చెప్పే మనిషయితే ఎక్కడో ఒక చోట ఆగేది. చిన్నక్క "సరే అత్తమ్మా" అనేది, మళ్లీ రాయి తీసుకునేది. ఇంట్లో రొట్టె కొడుతూ కూడా మణికట్టు చూసుకోవడం మొదలుపెట్టింది. ఎన్నడూ లేనిది, రొట్టెలు అంచులు పగిలి వస్తున్నాయి.

బేస్తారం, అంటే గురువారం, ఇంకా మూడు రోజులుందనగా పొద్దెక్కాక సోనుబాయి నీళ్లకు వచ్చి వాళ్లను చూసి ఆగింది. ఆమెది పక్క మంచె. నడిచొచ్చే బండరాయిలా గట్టిగా ఉంటుంది, నోరు అంతకంటే గట్టిది. లింగక్కతో పోటీ ఎంతో, పొత్తు కూడా అంతే. ఒక మంచె మీద నుంచి ఇంకో మంచె మీదికి అరుచుకుంటూ ఏళ్లు గడిపారు ఇద్దరూ.

బిందె దించి కాసేపు చూసింది. "ఏందక్కా, కోడలికి ఇసురుడు నేర్పుతానవా, పెండ్లి పిల్లను తయారు జేస్తానవా? గన్ని సవరిస్తానవ్."

"నీ పని నువ్వు జూస్కో పో."

"పోత గని, నాకొక్క సందేహం తీర్చు. నువ్వు కొస వదిలేటప్పుడు నీ బొటనవేలు పైకుంటదా, కిందికుంటదా?"

"పైకి," అంది లింగక్క వెంటనే. ఒక క్షణం ఆగి, "కాదు, పక్కకు," అంది.

"పక్కకంటె లోపలి పక్కకా, బయటి పక్కకా?"

లింగక్క కుడి చెయ్యి లేపబోయింది. అది చెవి దగ్గరే ఆగింది. ఎడమ చేత్తో చూపిద్దామని వడిసెల తీసుకుంది. మెల్లగా తిప్పుతూ, బొటనవేలు ఎటు పోతుందో కళ్లార్పకుండా చూస్తూ కొస వదిలింది. రాయి నేరుగా వెనక్కి పోయి సోనుబాయి బిందె మూతికి ఖంగుమని తగిలింది.

సోనుబాయి ఇసుకలో కూలబడి కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "నా బిందె ఏం పాపం జేసిందే అక్కా! బేస్తారం దాక ఆగలేవా?" చిన్నక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సోనుబాయి బిందెకు పడ్డ సొట్టను వేలితో తడుముకుంటూ, "ఈ సొట్ట నీ లెక్కల ఉన్నది, యాదుంచుకో," అని నీళ్లు ముంచుకొని పోయింది.

లింగక్కకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటికి వచ్చి జొన్నలు దంచే కుందెన పక్కన కూర్చుంది. కళ్లు మూసుకొని తన మంచె తలుచుకుంది. పొద్దున మంచు ఇంకా గంగ మీద ఉంది. చిలకల గుంపు వస్తున్నది. వడిసెల తిరుగుతున్నది. ముందున్న చిలక ఒక కంకి మీద వాలింది, కంకి వంగింది. అంతే, రాయి అక్కడ ఉంది. మళ్లీ తలుచుకుంది. మళ్లీ వంగిన కంకి కనిపించింది, చిలక ముక్కు ఎరుపు కనిపించింది. తన చెయ్యి ఎక్కడా కనిపించలేదు. మోచెయ్యి దగ్గరగా ఉందో దూరంగా ఉందో, కాలు ముందుందో వెనకుందో, ఇన్నేళ్లలో ఒక్కనాడు కూడా ఆమె చూడలేదు.

మరి ఇన్ని రోజులు ఆ పిల్లకు చెప్పినవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? అప్పటికప్పుడు పుట్టించినవే. ఉస్తాద్ అన్నారు గనుక ఏదో ఒకటి చెప్పాలని చెప్పినవే. భుజం పడిపోయినప్పుడు కూడా లింగక్కకు ఇంత భయం వెయ్యలేదు.

మరునాడు ఇసుకలో, "నేను జెప్పినయన్ని మర్చిపో," అంది కోడలితో. "మోచెయ్యి ముచ్చట మర్చిపో. మణికట్టు ముచ్చట మర్చిపో. నీ ఇష్టం ఉన్నట్టు ఇసురు."

చిన్నక్క విసిరింది. తప్పింది. మళ్లీ విసిరింది. ఇంకా ఎక్కువ తప్పింది.

"ఏమైందే?"

చిన్నక్క తల వంచుకొని వడిసెల తాడు వేలికి చుట్టుకుంది. "మర్చిపో అంటె ఇంకింత యాదికొస్తాంది అత్తమ్మా. ఇంతకు ముందు నాకు మోచెయ్యి ఉన్నట్టే తెల్వదు. ఇప్పుడు రాయి తియ్యకముందే అది యాదికొస్తాంది."

కోడలు అంత పొడుగు మాట మాట్లాడటం లింగక్క మొదటిసారి విన్నది. నోరు మూసుకొని నిలబడి చూసింది. అదీ పని చెయ్యలేదు. ప్రతి రాయికీ చిన్నక్క చట్టి వైపు కాక అత్త ముఖం వైపు చూస్తున్నది. లింగక్క కనుబొమ్మ ముడిపడితే చాలు, కాలు సర్దుకుంటున్నది.

ఎండ ఎక్కింది. లింగక్క విసిగి నీళ్ల ఒడ్డుకు పోయి, కోడలికి వీపు పెట్టి కూర్చుంది.

"నేను సూడ," అంది. "నాకు కనవడది. రాయి ఏడ వడ్డదో నువ్వే చెప్పు."

వెనక తాడు గాలిని కోసిన చప్పుడు అయింది. "చట్టికి ఎడమ పక్క, జానెడు దూరం."

"ఇంకోటి."

"అదే పక్క. బెత్తెడు."

"ఊఁ."

"పైనుంచి పోయింది. అంచు రాసుకొని పోయింది అత్తమ్మా, దుమ్ము లేసింది."

లింగక్క వెనక్కి తిరగలేదు. తిరగాలని మెడ పీకుతున్నది. రాయి ఎటు పోయిందో చెప్పాలంటే పిల్ల రాయినే చూడాలి. రాయిని చూస్తూ ఉంటే మోచేతిని చూసే తీరిక ఉండదు. ఆ సంగతి లింగక్క ముందుగా ఆలోచించి చేసింది కాదు. చేశాక తెలిసింది. పొద్దు వాలేసరికి ఒకసారి చట్టి దొర్లిన చప్పుడు వినిపించింది, కొంతసేపటికి ఇంకోసారి. అందులో సగమైనా కుదిరిందని చెప్పడానికి లేదు. కానీ తాడు తిరిగే చప్పుడులో మునుపటి ఊపు మాత్రం వచ్చింది.

బేస్తారం పొద్దున ఊళ్లో సగం మంది చేను గట్టు మీదికి వచ్చారు. ఖాజా మియా తెల్ల షేర్వాణీ వేసుకొని గొడుగు పట్టుకొని వచ్చాడు. చేను చూసుకునే మారయ్య పని తుమ్మకొమ్మకు కుండ కట్టడం, పగిలితే పెంకులు ఏరడం, పగలకపోతే విప్పి తెచ్చి ఇవ్వడం. ప్రతి కుండకూ జనం కేకలు. దేవక్క అనే ఆమె మూడు రాళ్లూ వృథా చేసి, కుండ నెత్తిన పెట్టుకొని, "నవ్వుండ్రి, నవ్వుండ్రి, రేపు గిదే కుండల గంజి కాస్త, ఒక్కరికి గూడ పొయ్య," అని తిట్టుకుంటూ పోయింది.

సోనుబాయి రెండో రాయికి కుండ పగలగొట్టింది. కొంగు దులుపుకొని పక్కకు వచ్చి, "ఇగ నిమ్మలంగ సూస్త," అంటూ లింగక్కకు దగ్గర్లోనే నిలబడింది.

చివరికి లింగక్క ఇంటి కుండ కట్టారు. చిన్నక్క గట్టెక్కి నిలబడింది. అంతమంది ముందు నిలబడటం ఆమెకు ఇదే మొదలు. కొంగు నడుముకు దోపుకుంది. మొదటి రాయి తిప్పుతుండగా సోనుబాయి కేకేసింది.

"చిన్నక్కా! మోచెయ్యి జర పైలం బిడ్డా!"

రాయి తుమ్మచెట్టు మొదట్లో పడింది. జనం గొల్లున నవ్వారు.

"ఇదేం పద్ధతే సోనూ?" అంది లింగక్క పళ్లు కొరుకుతూ.

"నేనేమన్న? నువ్వు రోజూ చెప్పేదే గదా అక్కా. మర్చిపోతదేమో అని యాది జేసిన."

నిజమే. ఆ మాట సోనుబాయిది కాదు, తనదే.

చిన్నక్క రెండో రాయి చిక్కంలో పెట్టింది. పెట్టి, తిప్పకముందు, మోచేతి వైపు ఓరగా చూసుకోవడం లింగక్క కంటపడింది. చూసుకున్న తర్వాత అత్త ముఖం కోసం వెతికింది. రాయి కుండకు చాలా కింద నుంచి పోయి జొన్న చాళ్లలో పడింది. రెండు కంకులు విరిగాయి. "అరే, చిలకలే నయం," అని ఎవరో అన్నారు.

ఒక్క రాయి మిగిలింది.

లింగక్క నాలుక చివర ఎన్నో మాటలు వచ్చి నిలబడ్డాయి. భయపడకు అందామా? అంటే భయం గుర్తొస్తుంది. మెల్లగా అందామా? చెయ్యి గుర్తొస్తుంది. చెయ్యి మరిచిపో అనడం ఎట్లా ముగిసిందో చూసింది. చూడకుండా తిరిగి కూర్చుందామంటే, అత్తకు ఆశ తెగిందనుకుంటుంది పిల్ల. పది మంది చూస్తున్నారు, ఖాజా మియా గొడుగు ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. రాయి తీసుకున్న చిన్నక్క మళ్లీ అత్త వైపే చూస్తున్నది.

లింగక్క ఆమె ముఖం వైపు చూడటం మానేసి కుండ వైపు చూసింది. ఇంట్లో రోజూ జొన్నన్నం వండే కుండే. నల్లగా మసిబారి, గాలికి తాడు మీద మెల్లగా తిరుగుతున్నది. 

"పిల్లా," అంది, వంటింట్లో నుంచి పిలిచినంత మామూలుగా. "నిన్న గంజి పొంగింది గదా. కుండ మీద తెల్లగ చార కారింది. అది ఇటు దిక్కున్నదా, అటు దిక్కున్నదా? నా కండ్లకు ఆనుతలేదు."

జనంలో ఎవరో నవ్వారు. "ముసల్దానికి ఇప్పుడే గంజి యాదికొచ్చిందిరా!"

చిన్నక్క కుండ వైపు తిరిగింది. కళ్లు చిన్నవి చేసి చూసింది. "ఇటు లేదత్తమ్మా. తిరుగుతాంది... ఆగు."

"సరిగ్గ సూసి చెప్పు."

"వస్తాంది... వస్తాంది..." అంటూనే ఆమె చెయ్యి వడిసెల తిప్పడం మొదలుపెట్టింది. కాళ్లు దగ్గరగా ఉన్నాయి. మోచెయ్యి ఎటో పోయింది. అదేదీ ఆమె చూడలేదు. "ఇగో, కనవడ్డది," అంది. అన్న మాటతో పాటే రాయి పోయింది.

ఫట్ మన్నది. కుండ మెడ దగ్గర ఒక పెంకు ఎగిరిపోయింది. కుండ రెండు చుట్లు గిర్రున తిరిగి, ఆగి, అట్లాగే వేలాడింది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"పగిలింది!"

"ఏడ పగిలింది? అంచు లేసింది, అంతే. కుండ ఉన్నది గదా!" అంది సోనుబాయి. "సాబ్, నువ్వే జెప్పు. గా కుండల అన్నం వండచ్చు."

"నీ ఇంట్ల వండు," అన్నాడు ఎవరో.

ఖాజా మియాకు ఇట్లాంటి తగవు ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్లలో కుండ పగలడమో, పగలకపోవడమో తప్ప సగం పగలడం లేదు. గడ్డం దువ్వుకున్నాడు. "మారయ్యా, విప్పుకరా."

మారయ్య కుండ తెచ్చాడు. ఒక వైపు మెడ పోయింది. పొట్ట మీద నిలువునా సన్నని గీత ఒకటి దిగింది. అది పగులో, గంజి చారో అని తలా ఒక మాట అన్నారు. పగులంటే పగులని లింగక్క వైపు వాళ్లు, గంజి అంటే గంజి అని సోనుబాయి. మారయ్య గోటితో గీకి చూసి, "రెండూ ఉన్నట్టున్నయ్," అన్నాడు.

"పరేషాన్ కాకుండ్రి," అన్నాడు ఖాజా మియా. "కుండ అంటె నీళ్లు ఆగాలె. ఆగితె కుండ, కారితె పెంకు. పోయి గంగల ముంచుకరా."

మారయ్య గంగలో ముంచి తెచ్చి అందరి నడుమ గట్టు మీద పెట్టాడు. పిల్లలు, పెద్దలు అంతా వంగి చూశారు. సోనుబాయి అందరికంటే ముందు వంగింది. మొదట ఏమీ కాలేదు. గీత నలుపు తిరిగింది. తర్వాత దాని కింది కొసన ఒక చుక్క ఉబ్బి, నేల మీద పడింది. దాని వెంట ఇంకోటి. కాసేపటికి గీత పొడుగునా నీళ్లు సన్నగా కారుతూ మారయ్య కాళ్లు తడిపాయి.

సోనుబాయి నడుము నిలబెట్టి పెద్దగా నిట్టూర్చింది. "కారుతాంది," అంది. అబద్ధమాడే మనిషి కాదు. "పో అక్కా, నీదే. నా బిందె సొట్ట మాత్రం మాఫీ లేదు."

ఖాజా మియా మారయ్య వైపు తిరిగి, "గంగ మూల, లింగక్క," అన్నాడు, ప్రతి యేడూ అన్నట్టే.

లింగక్క ఏదో అనబోయి ఆగింది. ఆ మూలను ఊరంతా లింగక్క మంచె అనే పిలుస్తుంది. చేపలు పట్టేవాళ్లు కూడా గంగలో నుంచి చూసి లింగక్క మంచె దగ్గర వల వేశామని గుర్తు చెప్పుకుంటారు.

"చిన్నక్క అనుండ్రి సాబ్," అంది. "ఇసిరింది అది."

"చిన్నక్క," అన్నాడు ఖాజా మియా. "గంగ మూల, చిన్నక్క."

చిన్నక్క అప్పటికి గట్టు దిగింది. అత్త దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "అత్తమ్మా, నీకు నిజంగనే ఆనలేదా గంజి చార?"

"ఆనలేదు," అంది లింగక్క. అది కొంత నిజం. "ఇగ నడువు. మంచెకు గుంజలు కొట్టుకరావాలె. రేపు పొద్దుగాలకే దిగుతయి అవి."

ఇద్దరూ గొడ్డలి కోసం ఇంటి దారి పట్టారు. ఎండకు పెంకులు మెరుస్తున్న చోట మారయ్య వంగి ఒక్కొక్కటే ఏరుతున్నాడు. దారిలో చిన్నక్క రెండుసార్లు ఆగి నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. మూడోసారి అడిగింది.

"మంచె మీద నాతోని ఉంటవా?"

"మెట్లెక్కనీకి ఈ చెయ్యితోని అయితదా? కింద కూసుంట."

"కూసోని?"

లింగక్క నడుస్తూనే ఆలోచించింది. కోడలు ఎట్లా నిలబడాలో, ఎట్లా తిప్పాలో చెప్పడానికి ఇప్పటికీ నాలుక లేస్తూనే ఉంది. బతికున్నన్నాళ్లు లేస్తుందేమో కూడా.

"అవతలి ఒడ్డు నుంచి గుంపు లేస్తే చెప్త," అంది. "ఎటు దిక్కు వాలుతాందో చెప్త. ఇంకేం చెప్ప."